చాపెల్‌లో పక్క కుర్చీ

దెయ్యాల మీద నాకు నమ్మకం లేదు. ఊరికే అనడం కాదు, పరీక్షించి చూసుకున్న సంగతే. యీషున్‌లో మా అపార్ట్‌మెంట్ బ్లాకు కింద ఏటా తమ పంచాంగం ప్రకారం దెయ్యాలు తిరిగే ఏడో నెలలో చైనీయులు పాటల కచేరీ పెట్టి, ముందు వరస కుర్చీలు చనిపోయినవాళ్ల కోసం ఖాళీగా వదిలేస్తారు. హైస్కూల్లో ఉండగా ఒకసారి వెళ్లి అందులో కూర్చున్నాను. ఒక చైనీస్ ఆంటీ చెవి పట్టుకుని లేపింది. నాకు జరిగిన కీడు అదొక్కటే.

అందుకే కిందటేడు జరిగింది చెప్పాలంటే కాస్త మొహమాటంగా ఉంది.

జురాంగ్ ఈస్ట్ దగ్గర ఒక చిన్న కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్లు అకౌంటింగ్ చదివాను. మిగతా చదువుకి ఒక క్రైస్తవ విశ్వవిద్యాలయానికి దరఖాస్తు పెట్టాను. మా కాలేజీ చదువుని లెక్కలోకి తీసుకుని నేరుగా థర్డ్ ఇయర్‌లో చేర్చుకునేది వాళ్లొక్కరే. అదీ ఇంటర్వ్యూ బాగా జరిగితేనే. లేకపోతే మళ్లీ ఫస్టియర్. మా చెల్లెలు కూడా ఆ ఏడే అక్కడ ఫస్టియర్‌లో చేరబోతోంది. దాని పక్కన కూర్చుని పాఠాలు వినడం కన్నా దెయ్యమే నయం.

నాన్న రాఫెల్స్ ప్లేస్‌లో బ్యాంకు ఉద్యోగి. ఇంటర్వ్యూల సంగతి తనకి తెలిసినట్టు ఎవరికీ తెలీదని ఆయన నమ్మకం. "మా యూనివర్సిటీయే ఎందుకని అడుగుతారు. చిన్నప్పటినుంచీ ప్రభువంటే ప్రేమ అని చెప్పు," అన్నాడు. అద్దం ముందు నిలబెట్టి చెప్పించాడు కూడా. పక్కనే అమ్మ వెంకటేశ్వరస్వామికి హారతి ఇస్తోంది. ఇద్దరికీ ఇందులో ఇబ్బందేమీ కనబడలేదు.

ఇంటర్వ్యూకి ముందు చాపెల్‌లో ఉదయం ప్రార్థనకి రమ్మన్నారు. తొందరగా వెళ్లి, వెనక వరసలో ఒక కుర్చీ మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి బాత్రూముకి వెళ్లాను. తిండికొట్లుండే హాకర్ సెంటర్లో ఇలాగే ప్యాకెట్ పెట్టి సీటు చోప్ చేసుకునే, అంటే ఆపి ఉంచుకునే, అలవాటు. దేవుడి దగ్గర కూడా అలా చేయొచ్చా అన్న అనుమానం తర్వాత వచ్చింది. తిరిగొచ్చేసరికి హాలు నిండిపోయి, కొందరు గోడ పక్కన నిలబడున్నారు. నా కుర్చీని మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. ఈ దేశంలో టిష్యూ ప్యాకెట్‌కి ఉన్న గౌరవం అలాంటిది.

పక్క కుర్చీలో ఒక పెద్దాయన ఉన్నాడు. తెల్ల చొక్కా, మోకాళ్ల మీద చేతులు. నా ప్యాకెట్ జేబులో వేసుకుని కూర్చున్నాను. అందరూ పాట పాడుతుండగా ఆయన ముందుకే చూస్తూ అన్నాడు: "మీ నాయన నేర్పిన మాట చెప్పబాక. ఉన్నదేదో చెప్పు."

తెలుగులో. అదీ నెల్లూరు యాసలో.

"మా నాన్న మీకు తెలుసా అంకుల్?" అన్నాను.

"పిలుస్తుండారు, పో," అన్నాడు.

నిజంగానే తలుపు దగ్గర ఎవరో నా పేరు పిలుస్తున్నారు. లేచి వెళ్లాను.

డీన్ అడిగింది సరిగ్గా నాన్న చెప్పిన ప్రశ్నే. నోటిదాకా వచ్చిన జవాబు ఎందుకో బయటికి రాలేదు. మేం హిందువులమని, వాళ్లైతేనే నా రెండేళ్ల చదువు వృథా కాదని వచ్చానని, ప్రార్థనలో బుద్ధిగా కూర్చుంటానని, నమ్మకం సంగతి మాత్రం మాటివ్వలేనని చెప్పాను. డీన్ కళ్లజోడు తీసి తుడుచుకుంది.

"ఇప్పటిదాకా వచ్చినవాళ్లందరికీ చిన్నప్పుడే ప్రభువు మీద ప్రేమ పుట్టిందట. నీకొక్కడికే పుట్టలేదు," అంది. థర్డ్ ఇయర్‌లో సీటిచ్చింది.

కథ ఇక్కడే అయిపోతే బావుండేది. ఇంటికి రాగానే చెల్లెలు ఫోను పట్టుకుని ఎదురొచ్చింది. ఆ ప్రార్థన లైవ్‌లో వస్తుందట. నేను నిద్రపోతానేమోనని అమ్మా, చెల్లెలూ కూర్చుని చూశారట.

"అన్నా, ఖాళీ కుర్చీతో ఏం మాట్లాడావ్ లా?" అంది, ఇక్కడివాళ్లలాగే మాట చివర 'లా' తగిలించి.

రికార్డింగ్ చూశాను. నేను కూర్చున్నాను. ప్యాకెట్ తీసి జేబులో వేసుకున్నాను. కుడివైపు వంగి ఏదో అడిగాను. కుడివైపు ఎవరూ లేరు. ఆ కుర్చీ మీద ఇంకో టిష్యూ ప్యాకెట్ ఉంది. వెనక అంతమంది నిలబడే ఉన్నారు, ప్రార్థన అయ్యేదాకా ఒక్కరూ వచ్చి అందులో కూర్చోలేదు.

ఎవరో చోప్ చేసి రాలేదేమో అన్నాడు నాన్న. కావచ్చు. టెన్షన్‌లో మనసుకి ఏవేవో వినిపిస్తాయన్నాడు. అదీ కావచ్చు. కానీ మాది ఖమ్మం. నా టెన్షన్ నెల్లూరు యాస ఎక్కడ నేర్చుకున్నట్టు? పైగా నాన్న నేర్పిన మాట మా ఇల్లు దాటి వెళ్లలేదు.

అమ్మకి ఈ చర్చలతో పని లేదు. ఇప్పటికీ నన్ను ఒక్క విషయానికే తిడుతుంది. "అంత మేలు చేసిన మనిషిని పేరన్నా అడగలేదేంరా? ఇంటికి భోజనానికి పిలవొద్దూ?"

ప్రతివారం చాపెల్‌కి వెళ్తున్నాను. తెల్ల చొక్కా వేసుకున్న పెద్దవాళ్లు చాలామందే కనిపిస్తారు. వాళ్లలో ఒక్కరికీ తెలుగు రాదు. అడిగి చూశాను.