ఖాళీ బండికి బరువు

స్టీరింగు పట్టిన ఈ చేతుల మీద ఒట్టేసి చెబుతున్నానండి, ఇందులో ప్రతి అక్షరం నిజం. నా కోతలు ఎరిగిన మా కొత్తపేట వాళ్లు ఎలాగూ నమ్మరు. మీరైనా నమ్మండి.

తొంభైల చివర్లో నాకు అరటిగెలలు తోలే పికప్ బండి ఉండేది. ఎక్కువ గెలలు మొయ్యాలన్న ఆశతో వెనక చక్రాల మీది కమాను కట్టల్లో, అంటే స్ప్రింగుల్లో, అదనపు ఇనప పట్టాలు వేయించాను. లోడుంటే బండి హాయిగా సాగేది. ఖాళీగా ఉంటే మాత్రం ప్రతి గుంతకీ ఎగిరిపడేది.

ఓ పొద్దున అన్నయ్య కొబ్బరిచెట్టు మీంచి పడ్డాడు. నడుం విరిగింది. బండిలో గడ్డి పరిచి పడుకోబెట్టి రాజమండ్రి ఆస్పత్రికి బయల్దేరాను. గుంత వచ్చినప్పుడల్లా వెనక నుంచి అరుపు. కాలవగట్టు మీద కూలికెళ్తున్న ఆడవాళ్లు కనిపిస్తే బండి ఆపేశాను.

"ఎక్కండమ్మా. బరువుంటే బండి ఎగరదు."

"మళ్లీ మొదలెట్టావా కబుర్లు?" అని నవ్విన మా ఊరి సత్తెమ్మ, వెనక్కి తొంగిచూసి నవ్వు ఆపేసింది. "పని పోతే పోయింది, ఎక్కండే" అంది.

అందరూ అన్నయ్య చుట్టూ కూర్చున్నారు. కమాన్లు వంగాయి, బండి మెత్తబడింది, అరుపులు ఆగాయి. "ఇప్పుడు హాయిగా ఉందిరా తమ్ముడూ" అన్నాడు అన్నయ్య. ఆస్పత్రి చేరేలోపే పోయాడు.

వదిన కూడా కన్నుమూసింది గనక ఇప్పుడు చెప్పేస్తున్నాను. ఆ చివరి మాట నేను కల్పించిందే. అరుపులు ఆగింది కమాన్ల వల్ల కాదు, అన్నయ్యకి అప్పటికే స్పృహ తప్పింది. ఆఖర్న ఏమన్నాడని వదిన ఏడుస్తూ అడిగితే, నోటికొచ్చింది చెప్పాను. ఆవిడ నమ్మలేనట్టు నావైపు చూసింది.

పక్కనున్న సత్తెమ్మ, "అవునమ్మా, నేనూ విన్నాను" అంది.