మా అత్త విన్న గుండె చప్పుడు

నిన్న కర్నూలులో మా కోడలు, ఏడు నెలల కడుపుతో ఉన్న పిల్ల, మేడ మెట్లెక్కి వచ్చి కూలబడి, చేతి గడియారంలో గుండె వేగం చూసుకుని, మామూలుకన్నా ఎక్కువగా ఉందని డాక్టరమ్మకు ఫోన్ చేసి కనుక్కుని, నీళ్ళు తాగి ఎడమవైపు ఒత్తిగిలి పడుకుంది. ఆ నిబ్బరం చూసి ముచ్చటేసింది. మన కాలంలో ఎవరికుండేది చెప్పండి ఆ తెలివిడి?

నాకూ ఏడో నెలలోనే ఈ దడ మొదలైంది. ఓర్వకల్లు దగ్గర మా అత్తగారి ఊళ్ళో, బిందెతో నాలుగడుగులు వేస్తే చాలు, గుండె గొంతులో కొట్టుకునేది, కళ్ళు బైర్లు కమ్మేవి. గుట్టల దగ్గర దేన్నో చూసి దడుచుకున్నానని మా అత్త తీర్మానించి, దర్గా తాత చేత తాయెత్తు కట్టించింది. ఆమె మాటకు ఇంట్లో మామగారితో సహా ఎవరూ ఎదురు చెప్పేవారు కాదు. ఊరి నర్సమ్మ ఇచ్చిన నెత్తురు పట్టే మాత్రలను మాత్రం అటక మీదికి విసిరేసింది, అవి మింగితే బిడ్డ నల్లగా పుడుతుందని ఆమె గట్టి నమ్మకం. పాపం ఆమెదీ నలుపే, రంగు గురించి పడ్డ మాటలు ఆమెకే తెలుసు.

తాయెత్తు తాయెత్తే, దడ దడే. ఒకరోజు పొయ్యి దగ్గరే నేను సొమ్మసిల్లి పడిపోతే, ఆమే హడలిపోయి నన్ను బస్సెక్కించి కర్నూలు తీసుకుపోయింది. డాక్టరమ్మ నా కనురెప్పలు దించి చూసి, నెత్తురు పరీక్ష చేయించి, కడుపుతో ఉన్నప్పుడు గుండె కొంచెం వేగంగా కొట్టుకోవడం సహజమేనని, నాకు మాత్రం ఒంట్లో నెత్తురు చాలక అది నానా తంటాలు పడుతోందని, ఇలాగే కాన్పుకు పోతే తల్లి దక్కడం కష్టమని ఖరాఖండిగా చెప్పింది. మా అత్త దడుపు మాట వదిలితేగా! డాక్టరమ్మ విసుక్కోకుండా గరాటులాంటి గొట్టం ఒకటి నా కడుపు మీద ఆనించి, ఆమెనే వినమంది. విన్నదే తడవు మా అత్త లబోదిబోమంది.

"అయ్యో తల్లీ, బిడ్డకు గూడా దడుపు పట్టుకోనుండాది! శానా బిరబిరా కొట్టుకుంటాండాది!"

డాక్టరమ్మ పడీపడీ నవ్వి, లోపలి బిడ్డ గుండె వేగమే అంతని, బిడ్డ బాగానే ఉందని, దాన్ని మోస్తూ అలసిపోతున్నది తల్లేనని చెప్పింది. మా అత్త మళ్ళీ ఆ గొట్టానికి చెవి ఆనించింది, ఎంతసేపటికీ లేవలేదు. లేచేసరికి కళ్ళు తడిసి ఉన్నాయి.

ఇక చూడాలి ఆమె హడావిడి! నర్సమ్మ ఇంటికి తానే పోయి మాత్రలు అడిగి తెచ్చింది. మాత్రతోపాటు నిమ్మకాయ నీళ్ళు, పూటపూటా రాగిసంగటి, ఆకుకూర, వేరుశనగలూ బెల్లమూ. టీ చుక్క దగ్గరికి రానివ్వలేదు, బిందె ముట్టనివ్వలేదు. నేను మాత్ర మింగానో లేదోనని "ఏదీ, నోరు తెరువమ్మే" అని చూసిగానీ కదిలేది కాదు. నెలలు నిండేసరికి నెత్తురు పట్టింది, దడ తగ్గింది, కాన్పు సుఖంగా జరిగింది. ఆడపిల్ల, నిగనిగలాడే నలుపు. మా అమ్మ ముఖం చిన్నబుచ్చుకుంటే, మా అత్త బిడ్డను ఎత్తుకుని ఆసుపత్రి వరండా అంతా తిరిగింది.

"నలుపైతే ఏమాయ? అచ్చం నా మాదిరే ఉండాది!"

ఆ తర్వాత మా వీధిలో కడుపుతో ఉన్న ఏ పిల్లా ఆమె చేతినుంచి తప్పించుకోలేదు. ఇప్పుడు ఎవరి ఒంటి సంగతి వాళ్ళకే తెలుస్తోంది, అడిగితే చెప్పేవాళ్ళున్నారు, నాకు సంతోషమే. అలాంటి అత్తలు మాత్రం కనబడరు. తన మాట నెగ్గించుకోవడమే తెలిసిన మనిషి, నా ప్రాణం కోసం ఒక్కసారి ఆ మాట వెనక్కి తీసుకుంది. ఆ ఒక్కసారి వల్లనే నేనూ, నా కూతురూ ఇవాళ ఉన్నాం.