పెట్టెకి వేరు కాపురం

మా మామగారు పోయారు. పోయిన మంగళవారం పొద్దున, పేపరు చేతిలో ఉండగానే. ఆయన ఎప్పుడూ పేపరు చివరి పేజీ నుంచి వెనక్కి చదివేవారు కాబట్టి ఆ రోజు పెద్ద వార్తలేవీ ఆయనదాకా వచ్చి ఉండవు. కాఫీ తెచ్చిన అత్తయ్యగారు "ఏమండీ" అని పిలిచి, పలక్కపోతే కాస్త గట్టిగా పిలిచి, ఆ తర్వాత నన్ను కేకేశారు. ఆ కేకలోనే నాకు సంగతి తెలిసిపోయింది.

పరామర్శకు వచ్చినవాళ్ళందరూ ఒకటే మాట. "మిల్లు కోసమే పుట్టాడమ్మా ఆ మనిషి" అని. నిజమే. కానీ ఆ మిల్లు వల్ల మా ఇంట్లో ఏం జరిగిందో వాళ్ళకు తెలియదు. తెలిసిన ఇద్దరిలో ఒకరు వెళ్ళిపోయారు. అందుకే ఇది రాస్తున్నాను.

మాది పర్చూరు దగ్గర పల్లెటూరు. మామయ్యగారు చిలకలూరిపేట రోడ్డు మీదున్న ఒక నూలు మిల్లులో ఎలక్ట్రికల్ మేనేజరు. సాయంత్రం స్కూటర్ దిగేసరికి కనుబొమల మీద దూది అంటుకుని ఉండేది. జేబులో పెన్ను లేకపోయినా టెస్టర్ ఉండేది. పెళ్ళికి వెళ్ళినా అంతే. మా చెల్లెలి పెళ్ళిలో అందరూ అక్షింతలు వేస్తుంటే ఈయన మండపం వెనక స్విచ్‌బోర్డు దగ్గర నిలబడి, "దీనికి ఎర్త్ లేదు బావగారూ" అని మా నాన్నను కంగారుపెట్టారు. ఏ మిషన్ ఆగినా ఆయన మొదట అనే మాట ఒకటుంది. "ముందు మన తప్పేమో చూసుకోండ్రా, తర్వాత దాన్ని తిట్టుకోవచ్చు."

ఇంట్లో మాత్రం ఆ సూత్రం నడిచేది కాదు. ఆయనా, మిరప వేసే వాళ్ళన్నయ్యా పుట్టినప్పటి నుంచీ ఒక్క కుండలోదే తిన్నారు. "మన ఇంట్లో రెండు పొయ్యిలు వెలగవు" అనేది ఆయనకు కిరీటం. నేను బీయెడ్ పాసై ఆ ఇంటికి కోడలిగా వచ్చాను. గవర్నమెంటు టీచర్ పోస్టుకి పరీక్ష రాయాలి, ఒక బడిలో నిలబడి పాఠం చెప్పాలి, నాకున్న కోరిక అదొక్కటే. మా ఆయనకు గుంటూరులో విత్తనాల కొట్టులో ఉద్యోగం. రోజూ బస్సులో పడి తిరిగే బదులు అక్కడే ఒక గది తీసుకుంటే నేను కోచింగుకి వెళ్ళొచ్చని అడిగాం.

"వేరు కాపురమా?" అన్నారు మామయ్యగారు, ఇంట్లో పాము దూరిందన్నట్టు. "ఇంట్లో కూర్చుని చదువుకో అమ్మాయ్. ఎవరు వద్దన్నారు?"

ఎవరూ వద్దనలేదు. ఆ మాట ఒప్పుకోవాలి. అందరూ పిలిచేవాళ్ళు, అంతే. పుస్తకం తెరిస్తే "అమ్మాయ్, పాలు చూడు" అని అత్తయ్యగారు. "అమ్మాయ్, కల్లంలో కూలోళ్ళకి మజ్జిగ పంపావా?" అని పెద్దత్తయ్య. పెదమామగారికి కళ్ళజోడు కనపడేది కాదు. పక్కింటావిడకి తోడు పెట్టుకోవడానికి పెరుగు కావాలి. ఒక్కొక్కటీ చిన్న పనే. ఏ ఒక్కరి మీదా కోపం తెచ్చుకోవడానికి లేదు. ప్రతి పిలుపుకీ "ఆఁ, వస్తున్నా" అని లేచేదాన్ని. తిరిగి వచ్చి కూర్చునేసరికి చదివిన పేజీ ఏదో నాకే గుర్తుండేది కాదు.

ఆ రోజుల్లోనే మిల్లులో పెట్టె గొడవ మొదలైంది. నూలు తీసే హాల్లో గాలికి సరైన తేమ ఉండాలి. లేకపోతే ఎండాకాలం దారం పుటుక్కుపుటుక్కున తెగిపోతుంది. ఆ తేమను చూసుకోవడానికి, ఫ్యాన్లూ నీటి జల్లులూ నడపడానికి కొత్తగా ఒక కంట్రోల్ పెట్టె తెచ్చారు. చిన్న సూట్‌కేసంత ఉంటుంది. యజమానిగారికి తన సీట్లో కూర్చునే అంకెలు చూడాలని ముచ్చట. అందుకని ఆఫీసు కంప్యూటర్లనీ, ఈ పెట్టెనీ ఒకే తీగల వరసలో కలిపేశారు. కొన్ని వారాలు బాగానే ఉంది. తర్వాత పెట్టె ఉన్నట్టుండి బిగుసుకుపోవడం మొదలుపెట్టింది. దీపం వెలుగుతూనే ఉంటుంది, పని చెయ్యదు. ఆపి మళ్ళీ వేస్తే ఏమీ ఎరగనట్టు నడుస్తుంది.

పెట్టె అమ్మిన కంపెనీకి ఫోన్ చేస్తే "ఆఫ్ చేసి ఆన్ చేయండి" అన్నారట. మామయ్యగారు ముందు దుమ్మును అనుమానించారు. పత్తి దుమ్ము చేరిందని పెట్టె తెరిపించి గాలి కొట్టించారు, ఊడ్చేవాళ్ళను కేకలేశారు. తర్వాత ఎర్తింగ్ అన్నారు. కొత్త గొయ్యి తవ్వించి ఉప్పూ బొగ్గూ పోయించారు. పనివాళ్ళు దిష్టి అన్నారు. నిమ్మకాయ, మిరపకాయలు గుచ్చి పెట్టె తలుపుకి కట్టారు. ఆయన నవ్వుతూ ఊరుకున్నారు. "మిరపకాయలకి మనకేం కరువా, కట్టనీ" అన్నారు. పెట్టె మాత్రం ఆగుతూనే ఉంది.

ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనం చేస్తూ ఆయన చెయ్యి ఆగిపోయింది. "ఆదివారం దానికి జబ్బు రాదేం?" అన్నారు. మిల్లు ఆదివారం కూడా నడుస్తుంది. సెలవు ఆఫీసుకే. ఆయన ముఖంలో వెలుగు చూసి పెద్దత్తయ్య "ఏం, పప్పు అంత బాగుందా?" అంది.

చివరికి కంపెనీ నుంచి ఒక ఇంజనీరు వచ్చాడు. ఆఫీసు కంప్యూటర్లలో ఒకదానికి వైరస్ పట్టిందని తేలింది. అది తీగ మీద ఆగకుండా పనికిరాని పలకరింపులు పంపుతోంది. ఇంజనీరు తన ల్యాప్‌టాప్ తగిలించి తనూ అలాగే పంపి చూశాడు. అందరూ చూస్తుండగానే పెట్టె నోరు పడిపోయింది. ఆ సాయంత్రం మామయ్యగారు వసారాలో కాళ్ళు కడుక్కోకుండానే మాకు కథ చెప్పారు.

"దొంగెవడూ రాలేదురా. తాళం పగలగొట్టలేదు, ఏదీ పట్టుకుపోలేదు. ఊరికే పలకరించి పలకరించి పడగొట్టారు. దానికున్నది చిన్న బుర్ర. తీగ మీద ఎవరు పిలిచినా చేతిలో పని ఆపి పలకాల్సిందే. పిలిచిందెవరు, పనుండి పిలిచారా, ఊరికే పిలిచారా అని అడగడం దానికి రాదు. ఎదురు చెప్పడం నేర్పకుండా తయారుచేశారు. కంపెనీవాడేమో పెట్టె బాగానే ఉందంటాడు. బాగానే ఉంది మరి! చెడిపోయిందాన్నయితే బాగుచేస్తాం. అలిసిపోయిందాన్ని ఏం చేస్తాం?"

కంపెనీ కొత్త ప్రోగ్రాం పంపుతామని చెప్పింది. ఎప్పుడో చెప్పలేదు. మామయ్యగారికి అంతదాకా ఆగే ఓపిక లేదు. పెట్టెకి ఆఫీసుతో సంబంధం లేకుండా వేరే తీగ వెయ్యాలి, మధ్యలో కాపలాకి ఇంకో పెట్టె పెట్టాలి, అవసరమైన ప్రశ్న ఒక్కటే లోపలికి పోవాలి అని పట్టుబట్టారు. యజమానిగారు ససేమిరా అన్నారు. రోజూ ఇంటికొచ్చి ఆ వాదనంతా మాకు వినిపించేవారు. ఒక సాయంత్రం అన్నం కలుపుకుంటూ, మగవాళ్ళందరూ కూర్చుని ఉండగా, అన్నగారితో అన్నారు.

"మొహమాటం లేకుండా చెప్పేశానన్నయ్యా. దానికి వేరు కాపురం పెట్టించాల్సిందే అన్నాను. అది మంచిదే పాపం. అందరూ పిలుస్తుంటే దాని పని అదెప్పుడు చేసుకుంటుంది?"

నేను చారు వడ్డిస్తున్నాను. గరిటె చేతిలోనే ఉంది. ఇంకా ఒక్క క్షణం ఆలోచించి ఉంటే అనేదాన్ని కాదు.

"పెట్టెకైతే వేరు కాపురం పెట్టించొచ్చన్నమాట మామయ్యగారూ."

మా ఆయన కంచంలోకి చూస్తున్నాడు. అత్తయ్యగారు "ఏంటమ్మా ఆ మాటలు" అని గొణిగారు. మామయ్యగారు నా వంక చూడలేదు. మజ్జిగ పోసుకోకుండా లేచి చెయ్యి కడిగేసుకున్నారు. మజ్జిగ లేకుండా ఆయన భోజనం ముగించడం నేనెప్పుడూ చూడలేదు. వారం రోజులు నాతో మాట లేదు. మా ఆయన నన్ను క్షమాపణ అడగమన్నాడు. అడగనన్నాను. తప్పు అనిపించలేదు, ఇప్పటికీ అనిపించదు.

మరుసటి ఆదివారం ఆయన వడ్రంగిని తీసుకొచ్చి, పెరటివైపు పత్తి నింపిన పెద్ద బోరేలు వేసుకునే గదిని ఖాళీ చేయించారు. లోపలివైపు గడియ బిగించారు. ఒక ట్యూబ్‌లైట్, ఒక ఫ్యాన్. ఎర్త్ కూడా ఇచ్చారని వేరే చెప్పక్కర్లేదు. వేరు కాపురం మాట ఎత్తలేదు. ఆ మాట ఆయన నోటి నుంచి రాదని నాకూ తెలుసు. తలుపు బయట కుర్చీ వేసుకుని పేపరు పట్టుకుని కూర్చున్నారు. "అమ్మాయ్" అని ఎవరు కేకేసినా ఆయనే పలికేవారు.

"ఏం కావాలి? నాతో చెప్పు."

"కూలోళ్ళకి మజ్జిగ మరిదీ..."

"నేను పంపిస్తాలే వదినా. నువ్వెళ్ళు."

నేను లోపల తలుపుకి వీపు ఆనించి ఏడ్చాను. సంతోషమో ఉక్రోషమో తెలియదు. పరీక్ష అప్పటికి నెల కూడా లేదు. మూడేళ్ళ పిలుపుల్ని నెల రోజుల గడియ ఏం పూడుస్తుంది?

పూడ్చలేదు. కొద్ది మార్కుల్లో పోస్టు తప్పిపోయింది. తర్వాతి ప్రకటన వచ్చేసరికి నాకు వయసు దాటిపోయింది. నేనిప్పుడు అదే గదిలో ఊళ్ళో పిల్లలకు ట్యూషన్లు చెప్తున్నాను. మిల్లు పెట్టెకి మాత్రం ఆ ఎండాకాలంలోనే వేరే తీగ పడింది, మళ్ళీ ఆగలేదు. ఆ సంగతి ఎవరైనా గొప్పగా ఎత్తితే మామయ్యగారు మాట మార్చేసేవారు. నేనక్కడ ఉంటే లేచి వెళ్ళిపోయేవారు. ఆయనంటే నాకు ప్రేమ, ఆయన మీద కోపం, రెండూ ఒక్క పొయ్యి మీదే ఉడికాయి ఇన్నాళ్ళూ. ఆయన పోతే కోపమూ పోతుందనుకున్నాను. పోలేదు. ఎవరి మీద పడాలో తెలియక ఇంట్లోనే తిరుగుతోంది.

ఫలితాలు వచ్చిన రోజు ఆయనే పర్చూరు వెళ్ళి ఇంటర్నెట్ సెంటర్లో చూసి వచ్చారు. స్కూటర్ శబ్దం వినగానే గుమ్మంలోకి వచ్చాను. ఆయన బండి స్టాండ్ వేసి, నా ముఖం చూసి, తల అడ్డంగా ఊపారు. నేను గదిలోకి వెళ్ళి కూర్చున్నాను. గడియ పెట్టుకోలేదు. కాసేపటికి వంటింట్లో గిన్నెలు కింద పడ్డ చప్పుడైంది. "మీరేం చేస్తున్నారండీ అక్కడ? జరగండి, నేను పెడతా" అని అత్తయ్యగారి గొంతు. "నువ్వుండవే" అని ఆయన గొంతు.

ఆయన రెండు చేతులతో గ్లాసు పట్టుకుని వచ్చారు. టీ పొంగి సగం పొయ్యి పాలైనట్టుంది. గ్లాసు అంచుకి ఆకు అంటుకుని ఉంది. చొక్కా ముందంతా తడి. గ్లాసు నా చేతికిచ్చి, కూర్చోకుండా గోడ పక్కన నిలబడ్డారు. నోట్లో పెట్టుకుంటే ఉప్పగా ఉంది. పంచదార డబ్బా ఏదో, ఉప్పు డబ్బా ఏదో ఆ ఇంట్లో పుట్టిపెరిగిన మనిషికి తెలియదు. నేను చెప్పలేదు. ఆయన కళ్ళు ఆ గ్లాసు మీదే ఉన్నాయి. చివరి చుక్కదాకా తాగాను.