తలుపు అడిగితే వచ్చినవి

మా మహిళా సంఘం గదికి తలుపు కావాలని దరఖాస్తు పెట్టి చాలా కాలమైంది. ఇంట్లో దెబ్బలు తిన్న ఆడవాళ్లు రాత్రికి తలదాచుకునేది ఆ గదిలోనే. ఉన్న తలుపు చెక్కను చెదలు తిన్నాయి, గడియ బిగిస్తే మొలలు నిలవడం లేదు. నిన్నటి నుంచి రాజవ్వ అందులో ఉంటోంది. తాగి వచ్చి ఈడ్చుకుపోతానని ఆమె భర్త వాడకట్టంతా చెప్పుకుంటూ తిరుగుతున్నాడు.

ఈ రోజు మధ్యాహ్నం సుల్తానాబాద్ రోడ్డు మీది నుంచి మేం దరఖాస్తు పెట్టిన ఆఫీసు జీపు వచ్చింది. తలుపు తెచ్చారనుకుని ఎదురు వెళ్లాం. దించినవి కాగితాల కట్టలు. చెయ్యెత్తిన మగాడి బొమ్మ, దాని కింద 'భార్యను కొట్టడం నేరం' అని అచ్చేసిన పోస్టర్లు.

"తలుపేది సారూ?" అని అడిగింది మా సంఘం పెద్ద లచ్చవ్వ.

"ఈసారి ప్రచారానికే పైసలొచ్చినయమ్మా, తలుపుకు రాలే. ఇవి ఊరంత అంటించుండ్రి" అన్నాడు అధికారి.

"రాజవ్వ మొగనికి సదువు రాదు గద."

"బొమ్మ ఉన్నది గదమ్మా."

"గా బొమ్మల ఉన్నోడు కొడ్తనే ఉండు సారూ. జూసి రాజవ్వ మొగడు ఇంకింత నేర్చుకుంటడు."

ఆయన నవ్వలేదు. ముట్టినట్టు సంతకం తీసుకుని వెళ్లిపోయాడు. మాకు కోపం కూడా రాలేదు.

పొద్దుగూకాక రాజవ్వ ఆ కట్టలన్నీ లోపలి నుంచి తలుపుకు ఆనించి పేర్చుకుంది. నేను బయట నిలబడి భుజంతో తోసి చూశాను. కదల్లేదు.

పోస్టర్లు గోడల మీద ఎందుకు లేవని ఆయన మళ్లీ వచ్చి అడిగితే ఏం చెప్పాలో, మీకేమైనా తోస్తే చెప్పండి.