ఉప్పునీళ్ల వెలుగులో బావ ముఖం

మొన్న మంచిర్యాలలో మనవరాలి బడి వార్షికోత్సవానికి వెళ్లి, ముందు వరసలో వేసిన కుర్చీ వదిలేసి వెనకాల లైట్లతని పక్కన నిలబడ్డాను. అతను పలకలాంటి పెట్టె మీద మీటలను ఒక్క వేలితో పైకీ కిందికీ జరుపుతుంటే వేదిక ఎర్రబడుతోంది, నీలమవుతోంది, చీకటవుతోంది. నా కుడిచెయ్యి ఊరుకోలేదు. లేని తాడొకదాన్ని పట్టుకుని లాగడం మొదలుపెట్టింది. "ఏంది తాతా, చెయ్యి గుంజుతాందా?" అన్నాడతను. "గోదావరిఖనిల నలభై లైట్లు ఒంటిచేత్తోని ఆడిచ్చినోణ్ని బిడ్డా" అన్నాను. ఇంటికొచ్చేదాకా ఆ మాట గుచ్చుతూనే ఉంది. నలభై కాదు, నాలుగు. అందులో ఒకటి వెలిగేది కాదు.

బొగ్గుగనిలో ఎలక్ట్రీషియన్ని కాబట్టి మా కాలనీ నాటకాలకు లైట్లు నాకే అంటగట్టారు. వెలుగు మెల్లగా తగ్గించి పెంచే యంత్రం మాకెక్కడిది? సిమెంటు పైపు ముక్కను అడుగు మూసి నిలబెట్టి, ఉప్పునీళ్లు నింపి, కింద ఒక రేకు పెట్టి, పైనుంచి తాడుతో ఇంకో రేకు వేలాడదీశాను. రెంటికీ కరెంటు తీగలు. పై రేకు దించుతుంటే దీపం అందుకుంటుంది, లేపుతుంటే మందగిస్తుంది. ఇది నేనే కనిపెట్టానని చాన్నాళ్లు చెప్పుకున్నాను. నిజానికి అంతకుముందు ఊరూరా నాటకాలాడేవాళ్లు వాడిందే. దాంతో వచ్చిన చిక్కల్లా, అది కుదురుగా ఉండదు. నీళ్లు కాగేకొద్దీ దీపం తనంతట తానే పెరుగుతుంది. నాటకం నడిచినంతసేపూ ఇంత లేపుతూ, అంత దించుతూ నిలబడాల్సిందే.

ఆ రోజుల్లో మా ఊరికీ కుదురు లేదు. ప్రత్యేక రాష్ట్రం వస్తుందా రాదా అని షిఫ్టు దిగినవాళ్లు ఇళ్లకు పోకుండా టీకొట్ల దగ్గర తిరిగేవాళ్లు. ఒకరోజు సమ్మె, ఒకరోజు ఊరేగింపు, కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. మా అక్క మొగుడు, అంటే మా బావకైతే ఇంకో గుబులు. రిటైర్మెంటు దగ్గరపడింది. క్వార్టరు ఖాళీ చేసి గోదావరి అవతల సొంతూరికి పోవాలి. అందుకే ఆసారి నాటకమే ఆయనకు ఆఖరిది. ముసలి తండ్రి వేషం. ఒకనాడు అక్క నన్ను వాకిట్లోనే నిలేసింది. "తమ్మీ, లగ్గమైనకాడికెల్లి సూస్తున్న, నాటకంల మీ బావ గొంతు ఇనుడే గని మొఖం కనవడ్డది లేదు. నీ లైట్లు గొడ్లకొట్టంల కట్టుకోనికేనా? గీసారన్న సూపియ్యి. మల్ల ఏడ సూస్త?"

తప్పు నా లైట్లది కాదు. గని లోపల ఒకరి నెత్తి మీది దీపం ఇంకొకరి కళ్లల్లో కొట్టకూడదు. ఎదురుపడితే ఇద్దరూ తల వంచుకుంటారు, అదే అక్కడి మర్యాద. బావ బతుకంతా భూమి కింద గడిపిన మనిషి. స్టేజీ మీద వెలుగు పడగానే ఆయన తల దానంతటదే వంగిపోయేది. ఆయనొక్కడే అయితే సరే, వేషాలేసేదంతా గనివాళ్లే కాబట్టి మా రాజులూ మంత్రులూ దుర్మార్గులూ అందరూ నేలను చూసే మాట్లాడేవాళ్లు.

"తల లేపరాదు బావా" అని బతిమాలాను.

"నేను లేపుతనే ఉన్న బామ్మర్ది, గదే ఒంగుతాంది. మొఖం మీద లైటు గొడితె మనిషన్నోడు నిలవడ్తడా?"

నాకు కాలు నిలవలేదు. లైటును వాసం మీదికెక్కించాను, పక్కకు జరిపాను, చెట్టుకు కట్టాను. ఎక్కడ పెట్టినా ఆ తల కిందికే. తెర లేచే ముందు విసుగెత్తి, దాన్ని దించి, బావ నిలబడే చోటికి కాస్త ముందు నేల మీదే పైకి చూసేట్టు పెట్టేశాను. వంచితే వంచనీ, వంచిన చోటే వెలుగు దొరుకుతుందని.

ఆఖరి రంగం వచ్చేసరికి పైపు బుసకొడుతోంది, ఆవిరి నా కళ్లజోడుకు పట్టింది. రేకు దించాను. బావ తల ఎప్పటిలాగే వంగింది, సరిగ్గా వెలుగులోకి. మైదానమంతా ఏడ్చిందని ఇప్పటికీ చెబుతుంటాను. ఏడ్చింది ఒక చంటిపిల్ల, కింది వెలుగులో ఆయన దయ్యంలా కనబడి. "ఓ కాకా, నీ మీసం నీడ మా ఇంటిదాక వస్తాంది!" అని ఎవడో అరిస్తే అందరూ నవ్వారు. ఆడవాళ్ల మధ్య అక్క మాత్రం లేచి నిలబడింది. నవ్వలేదు. నీళ్లు కాగి దీపం పెరుగుతూనే ఉన్నా, ఆసారి నేను తాడు లేపలేదు.

నాటకం అయ్యాక అక్క స్టేజీ వెనక్కి వచ్చింది. బావ ముఖం కొంగుతో తుడుస్తూ, "ఎవలయ్యా రంగులేసింది? గిన్ని ముడుతలు గీస్తరా?" అంది.

"తెల్లరంగు నెత్తికే ఏసిండ్రే" అన్నాడు బావ. "ముడుతలు నావే."

అక్క చెయ్యి ఆగింది. మళ్లీ తుడవసాగింది, అవి తుడిస్తే పోయే మరకలైనట్టు.

నా చేతికి మాత్రం ఇప్పటికీ కుదురు లేదు. కాలం ఆ పైపులో నీళ్లలాంటిదే, ఎవరి కంటా పడకుండా కాగుతూ ఉంటుంది. దానికి కట్టిన తాడు ఎక్కడుందో వెతుకుతున్నట్టు, ఎక్కడ లైట్లు వెలిగినా నా చెయ్యి గాల్లోకి లేస్తుంది.