మంచు మీద నెలవంక

మిన్నెసోటా ఉత్తరాన ఒక చిత్తడినేల. ఐలి నిస్కనెన్ ముప్పై ఏళ్లుగా అక్కడి ఒకే మడుగు అంచున మోకాళ్లమీద కూర్చుని, గుప్పెడు పాచిమొక్కలు పెరికి వాటి నీళ్లు సీసాలోకి పిండేది. పిండిన పాచిని వచ్చిన చోటే, తల పైకుండేలా నాటి, అరచేత్తో నిమిరేది. ఆ నీళ్లలోని కంటికి ఆనని శైవలాలను చలికాలమంతా సూక్ష్మదర్శిని కింద లెక్కపెట్టేది. మడుగు నీటిని లాగేసే పాత కాలువను పూడ్చాక నెలవంక ఆకారపు జాతి మూడేళ్లుగా పెరుగుతోందని, మడుగు కోలుకుంటోందని ఊరందరికీ చెప్పింది కూడా.

ఫిబ్రవరిలో ఒకరోజు తలెత్తి కిటికీలోంచి చూసింది. బయట మంచు మీద అదే నెలవంక మెల్లగా జారుతోంది. కన్ను తిప్పితే అదీ తిరిగింది. తర్వాత పక్కబల్ల దగ్గర పనిచేసే వెండెల్‌ను పిలిచి, తన సూక్ష్మదర్శినిలో చూడమంది.

“ఇందులో నెలవంకలెన్ని?”

“రెండు.”

“నేను ఏడు రాశాను. మిగతావి నా కంట్లో తేలే నీడలు.”

వెండెల్ గొంతు తగ్గించాడు. “ఎవరికీ తెలీదులే ఐలీ. వదిలెయ్యరాదూ.”

“నాకు తెలిసిపోయిందిగా.”

మూడేళ్ల అంకెలూ తన చేత్తోనే కొట్టేసింది.

మే నెలలో మడుగు దగ్గర సీసా నింపి వెండెల్ చేతికిచ్చింది. “ఇక నువ్వే చూడు.” పిండిన పాచిని మాత్రం కళ్లు మూసుకునే, తల పైకుండేలా, దాని చోట్లోనే నాటింది.