చిన్నమాస్టారి కొత్త ముక్కు

మా సెలూన్‌లో రెండు కుర్చీలు. గుమ్మం పక్కది నాది, లోపలిది మా తమ్ముడిది. నా కుర్చీ ఖాళీగా ఉన్నా, వచ్చినవాళ్ళలో సగంమంది బల్ల మీద కూర్చుని పాత పేపరు తిరగేస్తూ లోపలి కుర్చీ కోసమే కాచుకుంటారు. చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. "ఏం, నా కత్తికి పదును లేదా?" అని అడిగేస్తాను కూడా. "అబ్బే, మాకేం తొందర లేదులెండి పెద్దమాస్టారూ" అంటారు. నాకు కోపం ముక్కుమీదే ఉంటుందని వాళ్ళకు తెలుసు. అలాంటివాడు కత్తి పట్టుకుని మెడ దగ్గరకు వస్తే ఎవరు మాత్రం కూర్చుంటారు?

మా తమ్ముడు, అంటే చిన్నమాస్టారు, నాకు పూర్తిగా వ్యతిరేకం. నాకంటే ఏడేళ్ళు చిన్న. పన్నెండో ఏట స్టూలెక్కి పని నేర్చుకున్నాడు. మా నాన్న బుడగ ఊది, దానికి నురగ రాసి, పగలకుండా గియ్యమనేవారు. నేను డజను బుడగలు పగలగొట్టాను. వాడు ఒక్కటీ పగలగొట్టలేదు. ఎంత మొండిగా ఏడ్చే పిల్లలైనా వాడి కుర్చీ ఎక్కితే గప్‌చుప్. ఒక పెద్దాయనకైతే తల మీద వెంట్రుకే లేదు, అయినా నెలనెలా వచ్చి వాడిచేత తల తడిమించుకుని వెళతాడు. సెలవు రోజు పొద్దున షట్టరు సగం దించి మేమిద్దరం ఒకరికొకరం గడ్డం గీసుకుంటాం. ఇరవై ఏళ్ళుగా నా మెడ మీద వాడి కత్తి తప్ప ఇంకొకరిది పడలేదు. వాడి మెడ మీదా అంతే.

వాడికి ఉన్న లోపమల్లా ముక్కు. మధ్యలో ఒక గూను, అక్కడినుంచి కొన ఎడమకు వాలిపోయి ఉండేది. అది మా ముత్తాత ముక్కని మా మేనత్త తేల్చేసింది. ముత్తాతను చూసినవాళ్ళెవరూ లేరు, ఫొటో అంతకంటే లేదు. అయినా ఇంటిల్లిపాదీ తలూపేశారు. అందరికంటే గట్టిగా ఊపినవాణ్ణి నేనే. ఎందుకో తరువాత చెబుతాను.

ఆ ముక్కుతో వాడు ముప్పై ఎనిమిదేళ్ళు హాయిగానే బతికాడు. పోయినేడు నాకు బుద్ధి గడ్డి తిని, మరకలు పట్టిన పాత అద్దాలు తీయించి, ముందూ వెనకా గోడ మొత్తానికి కొత్తవి పెట్టించాను. ముందు అద్దంలో వెనక అద్దం, అందులో మళ్ళీ ముందు అద్దం. మా తమ్ముడు దువ్వెన కోసం కాస్త పక్కకు తిరిగితే చాలు, వాడి ముక్కు ఒకటి కాదు, ఇరవై కనబడేవి.

"అన్నయ్యా, కస్టమరు మొహం చూద్దామంటే ముందు ఇదే కనబడుతోంది. దీన్ని సరిచేయించుకుంటాను" అన్నాడు ఒకరోజు.

"నలభై దగ్గర పడుతున్నావు, ఇప్పుడు ముక్కేంట్రా? పెళ్ళయింది, నీ మొహానికి మీ ఆవిడ ఎప్పుడో సర్దుకుంది. ఇప్పుడు నిన్ను కొత్తగా ఎవరు చూడాలి?"

"రోజంతా చూస్తున్నది నేనే కదా" అన్నాడు.

చివరికి ముక్కులు సరిచేసే డాక్టరమ్మ దగ్గరకు తోడు వెళ్ళాను. ఆవిడ వాడి మొహాన్ని అటూ ఇటూ తిప్పి ఫొటోలు తీసి, ముక్కు ఎముక మీద వేలు పెట్టి, "చిన్నప్పుడు దెబ్బేమైనా తగిలిందా?" అని అడిగారు.

"లేదండీ, మా ముత్తాత ముక్కు. వంశంలోనే ఉంది" అన్నాడు వాడు, కాస్త గర్వంగానే.

పక్కనే ఉన్న నేను గోడమీది క్యాలెండరు చూస్తూ కూర్చున్నాను. వాడికి గుర్తులేదు గానీ దెబ్బ తగిలింది. కొట్టింది నేనే, అంటే కొట్టినట్టే. నాకప్పుడు పదకొండు, వాడికి నాలుగు. నాన్న భోజనానికి వెళ్ళిన సమయంలో వాణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి గిరగిరా తిప్పాను. వాడు కిలకిలా నవ్వుతుంటే ఇంకా జోరుగా తిప్పాను. వాడు ఎగిరిపోయి అద్దం కింద రాతిబల్ల అంచుకు ముక్కు కొట్టుకున్నాడు. గుమ్మం మెట్టు మీద పడ్డాడని నాన్నకు చెప్పాను. రెండు రోజుల్లో వాపు తగ్గింది, అందరూ మర్చిపోయారు. వాడు పెరిగేకొద్దీ ముక్కు వాలడం మొదలైంది, మేనత్త ముత్తాతను పట్టుకొచ్చింది. నేను బతికిపోయాను. డాక్టరమ్మ అడిగినప్పుడు కూడా అలాగే నోరు మూసుకుని బతికిపోయాను. ఎలాగూ సరైపోతోంది కదా, ఇప్పుడెందుకు చెప్పడం అనుకున్నాను.

ఆపరేషను బాగానే జరిగింది. వారం రోజులు ముక్కు మీద గట్టి పట్టీ, కళ్ళ కింద వంకాయరంగు మచ్చలు. మూడు దిండ్ల మీద తల ఎత్తుగా పెట్టుకుని పడుకోవాలి. ముక్కు చీదకూడదు. తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మాలి. మూడు నెలలపాటు ముక్కు మీద ఎవరి చెయ్యీ పడకూడదని డాక్టరమ్మ మరీ మరీ చెప్పారు. మా పని సంగతి ఆవిడకు తెలుసు. పైపెదవి గీసేటప్పుడు మేము కస్టమరు ముక్కు కొనను రెండు వేళ్ళతో పట్టుకుని కాస్త పైకెత్తుతాం. అది మేము ఆలోచించి చేసే పని కాదు, చెయ్యి దానంతటది వెళ్ళిపోతుంది. అందుకని మూడు నెలలు గడ్డమే వద్దన్నారు. సరేనన్నాం.

ఎనిమిదో రోజు పట్టీ విప్పి అద్దం చేతికిచ్చారు. వాడు మొహం అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. నేనూ మా మరదలూ చెరోపక్క నిలబడ్డాం.

"ఎవరన్నయ్యా ఇది?" అన్నాడు.

వేళాకోళమనుకుని నవ్వాను. వాడు నవ్వలేదు. "వాపు ఉందండీ, ఏడాదికి గానీ అసలు రూపం రాదు" అన్నారు డాక్టరమ్మ. ఏడాది! అంతదాకా ఈ మొహం ఎవరిదనుకోవాలి? నాకేమీ అర్థం కాలేదు. నా కంటికైతే బాగానే ఉంది. తిన్నగా, పొందికగా, ఎవరో మంచివాడి ముక్కులా ఉంది.

అక్కడినుంచి మొదలైంది అయోమయం. పొద్దున లావుగా ఉందంటాడు, సాయంత్రానికి సన్నబడిందంటాడు. కొన మీద నీళ్ళు పడ్డా తెలియడం లేదు, అది నా ఒంట్లోదేనా అంటాడు. "బాలేదా?" అని అడిగితే "బాగుంది" అంటాడు. "మరి ఏడుపెందుకు?" అంటే "అదే తెలియట్లేదు" అంటాడు. నాకు తిక్క రేగిపోయేది. బాగుంటే సంతోషించాలి, బాగోకపోతే పోట్లాడాలి, రెండూ కాకపోతే మనిషిని ఏం చెయ్యాలి?

మా మరదలు ఫోను చేసింది. "బావగారూ, ఇంట్లో అద్దాలన్నిటిమీదా తువ్వాళ్ళు కప్పేశారు. పళ్ళు కూడా గోడకేసి చూస్తూ తోముకుంటున్నారు. ముత్తాత ముక్కు పారేసుకున్నాను, ఇప్పుడు నేను ఎవరి మనిషిని, అంటున్నారు. నాకు భయంగా ఉంది."

ఆ మాట సూదిలా గుచ్చుకుంది. ముత్తాత! ఆయన ఈ గొడవలో లేనే లేడు. ఆ సంగతి తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.

నెల తరువాత వాడు పనిలోకి వచ్చాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. బల్ల మీద వాళ్ళంతా లేచి నిలబడ్డారు. ఒకాయన "కుర్రాడివైపోయావయ్యా" అన్నాడు, ఇంకొకాయన "గడ్డమొక్కటే కాదు, ఇంకేదో మారింది, కళ్ళజోడు తీసేశావా?" అన్నాడు. వాడు జన్మలో కళ్ళజోడు పెట్టుకోలేదు. వాడు తల వంచుకుని కత్తెర పట్టుకున్నాడు. మా పనిలో కళ్ళు కస్టమరు తల మీద ఉండవు, అద్దంలో ఉంటాయి. రెండు పక్కలా సమంగా వచ్చిందో లేదో అందులో చూసే చెబుతాం. వాడు ఒక్కసారి కూడా తల ఎత్తి అద్దంలోకి చూడలేదు. కుడి చెవి పైన వేలెడు జుట్టు, ఎడమ చెవి పైన నున్నగా. అలాంటి పని వాడి చేతిలో నేనెప్పుడూ చూడలేదు. కస్టమరు పెద్దమనసుతో బాగుందన్నాడు. వాడే కత్తెర బల్ల మీద పెట్టేశాడు.

"అన్నయ్యా, వేరేవాళ్ళెవరినైనా పెట్టుకో. అద్దంలోకి చూస్తే ఆ మనిషి నన్నే చూస్తున్నాడు. నాకు పని రావట్లేదు" అని చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

లోపలి కుర్చీ ఖాళీ అయింది. బల్ల మీద కాచుకునేవాళ్ళు వచ్చి నా కుర్చీలో బిక్కుబిక్కుమంటూ కూర్చునేవారు. ఒకప్పుడు అదే కోరుకున్నాను. ఇప్పుడు ఆ ఖాళీ కుర్చీ చూస్తే నాకు ముద్ద దిగేది కాదు. అద్దం చూడలేని మంగలి ఇంకే పని చేసి బతుకుతాడు? వాడికి ఈ పని తప్ప ఇంకోటి రాదు.

మూడో నెల చూపించుకోవడానికి మళ్ళీ వెళ్ళాం. మా పక్కన నల్లకళ్ళజోడుతో ఒకావిడ కూర్చుంది. కళ్ళ కింద సంచులు తీయించుకుందట. "మా ఆయన రెండు నెలలుగా రోజూ ఎదురుగా కూర్చుని తింటున్నాడు. ఇంతవరకూ కనిపెట్టలేదు" అంది. "చెప్పలేదా?" అని అడిగాను. "ఎందుకు చెప్పాలి? కనిపెట్టేదాకా చూస్తాను" అంది పట్టుదలగా. మా తమ్ముడు ఆవిడవంక చూసి, "మిమ్మల్ని మీరు గుర్తుపట్టగలుగుతున్నారాండీ?" అని మెల్లగా అడిగాడు. ఆవిడ నల్లకళ్ళజోడు ఇంకాస్త పైకి తోసుకుంది. తరువాత మా వంతు వచ్చేసింది.

అంతా బాగుంది, గడ్డం గీయించుకోవచ్చన్నారు డాక్టరమ్మ. మర్నాడే సెలవు. పొద్దున్నే షట్టరు సగం దించి వాణ్ణి నా కుర్చీలో కూర్చోబెట్టాను. ముందే ఎదుటి అద్దం మీద తన మొహం కనబడే మేర తువ్వాలు కప్పించుకున్నాడు. మూడు నెలల గడ్డం. కత్తెరతో తగ్గించి, నురగ రాశాను. కళ్ళు మూసుకున్నాడు. కుడిబుగ్గ, పైపెదవి, ఎడమబుగ్గ, అదీ మా నాన్న నేర్పిన వరస. కుడిబుగ్గ అయింది. నా ఎడమచెయ్యి దానంతటది ముక్కు మీదికి వెళ్ళింది.

వెళ్ళి, ఏమీ పట్టుకోలేదు. ఇరవై ఏళ్ళుగా ఆ ముక్కు ఎటు వాలి ఉండేదో అటే వెళ్ళి, ఖాళీలో వేళ్ళు మూసుకుంది. ఆ చేతిని నమ్ముకుని కత్తి కదిలిపోయింది. తెల్లటి నురగలో సన్నగా ఎర్రగీత. నా జన్మలో వాడికి కత్తి గాటు పెట్టింది అదే మొదలు.

"ఏమైందన్నయ్యా?"

దూది అద్దాను. ఎలా మొదలుపెట్టానో తెలియదు. "నేనేరా" అన్నాను. "ముత్తాత లేడు, ఎవరూ లేరు. నీ ముక్కు విరగ్గొట్టింది నేను. నీకు నాలుగేళ్ళు. ఇదే కుర్చీలో కూర్చోబెట్టి తిప్పాను. ఇదిగో ఈ రాతిబల్ల అంచుకే కొట్టుకున్నావు. మెట్టు మీద పడ్డావని నాన్నకు అబద్ధం చెప్పాను. డాక్టరమ్మ అడిగినప్పుడు కూడా నోరు విప్పలేదు." నలభై అయిదేళ్ళవాణ్ణి, చిన్నపిల్లాడిలా ఏడ్చేశాను.

వాడు కళ్ళు తెరిచాడు. తిడతాడనుకున్నాను, లేచి వెళ్ళిపోతాడనుకున్నాను. వాడు నురగ మొహంతో నావైపు తిరిగి, "అయితే నేను పుట్టినప్పుడు తిన్నగానే ఉండేదా?" అన్నాడు.

"తిన్నగానే ఉండేది. నిన్ను చంకనేసుకుని తిప్పినవాణ్ణి, నాకు తెలీదా?"

"ఎలా ఉండేది?"

వంగి చూశాను. మూడు నెలల్లో నేను కూడా సరిగా చూడలేదని అప్పుడు తెలిసింది. వాపు చాలావరకు తగ్గింది. సన్నగా, తిన్నగా, కొన కాస్త పైకి తిరిగి. కుర్చీలో కిలకిలా నవ్విన నాలుగేళ్ళవాడిది.

"ఇలాగేరా" అన్నాను. "ఇదే."

వాడు చెయ్యి చాపి అద్దం మీది తువ్వాలు లాగేశాడు. చూశాడు. ఎంతసేపు చూశాడో చెప్పలేను, నేను కళ్ళు తుడుచుకుంటూనే ఉన్నాను. తరువాత, నా చేతిలోని కత్తి తీసేసుకుని, అద్దంలో చూసుకుంటూ మిగిలినదంతా తనే గీసుకున్నాడు. మొహం కడుక్కుని, కుర్చీ దులిపి, "కూర్చో" అన్నాడు.

"ఇప్పుడు నాకెందుకురా, వద్దులే."

"కూర్చోమన్నానా?"

కూర్చున్నాను. నిజం చెప్పాలంటే భయమేసింది. నురగ రాశాడు, కుడిబుగ్గ గీశాడు. పైపెదవి దగ్గరకు వచ్చాక కత్తి పక్కన పెట్టి, నా ముక్కు కొనను రెండు వేళ్ళతో పట్టుకుని, ప్రాణం పోయేలా మెలితిప్పాడు. కెవ్వుమన్నాను.

"ముప్పై నాలుగేళ్ళు" అన్నాడు అద్దంలోంచి నన్నే చూస్తూ. అప్పటికి గానీ ముక్కు వదల్లేదు.